మునగచెట్టు ఎక్కించకుండా మెప్పించడం ఎలా?

శ్రీకాళహస్తిలో కలంకారీ వేసే ఒకాయన దగ్గరికి వెళ్ళి, గుడ్డ చేతిలోకి తీసుకుని, "అచ్చు భలే పడింది నా" అన్నారనుకోండి (చిత్తూరు, తిరుపతి వైపు "అన్నా"నే "నా" అంటాం). మీరు పొగిడాననే అనుకుంటారు. ఆయన తల కూడా ఎత్తడు. అచ్చులు వేసేది మచిలీపట్నం వైపు, పెడనలో. కాళహస్తిలో ప్రతి గీతా వెదురు కలంతో చేత్తో గీసిందే. కలానికి చుట్టిన ఉన్నిని వేళ్ళతో నొక్కుతూ, రంగు ఎంత దిగాలో అంతే దింపుతూ గీస్తారు. అలాంటి పనిని అచ్చు అనేశాక ఎంత తేనె పూసినా అంటుకోదు. అదే మనిషితో "ఈ గీత యాడా తెగకుండా వచ్చిందే, కలం ఒకసారి ముంచితే ఎంత దూరం వస్తుంది నా?" అనండి. కసిమి అనే నల్లరంగు కుండ మూత తీసి మరీ చూపిస్తాడు. ఇనప తుక్కూ బెల్లమూ నీళ్ళలో వేసి రోజుల తరబడి పులియబెడితే ఆ నలుపు ఎలా వస్తుందో, కరక్కాయ పొడి కలిపిన పాలలో గుడ్డ ఎందుకు ముంచుతారో అడక్కుండానే చెబుతాడు.

రెండో మాటలో పొగడ్త అన్నదే లేదు చూడండి. కంటికి కనిపించిన ఒక సంగతి ఉంది, దాని వెనక ఒక ప్రశ్న ఉంది. కింద చెప్పబోయేదంతా ఆ రెండింటి మీదే నడుస్తుంది.

పొగిడి పని చేయించుకునే విద్యకు మన దగ్గర పేర్లకు కొదవ లేదు. కాకా పట్టడం, సోపు వేయడం, బిస్కెట్లు వేయడం, వంత పాడటం, భజన చేయడం. అన్నిట్లోకీ హెచ్చరిక కూడా కలిసి ఉన్న మాట మునగచెట్టు ఎక్కించడం. మునగ కొమ్మ చూడ్డానికి లావుగానే ఉంటుంది, మనిషి బరువు పడితే పుటుక్కున విరుగుతుంది. పడ్డవాడు లేచి ముందు తిట్టేది ఎక్కించినవాడినే. తిరుమలకు అలిపిరి దారిలో 3550 మెట్లుంటే, పడకుండా మెప్పించడానికి ఏడు చాలు. కాకపోతే మూడో మెట్టు దగ్గర కాస్త ఎక్కువసేపు కూర్చోవాలి.

మొదటి మెట్టు: పని ఎవరి చేతిలో ఉందో తేల్చుకోండి

చాలామంది తప్పు మనిషిని పొగిడి వస్తారు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా విడిగా ఏర్పడ్డాక, చిత్తూరు కలెక్టరేటులో ఇరవై ఏళ్ళు పెంచుకున్న పరిచయాలు చాలామందికి ఒక్క రోజులో పనికిరాకుండా పోయాయి. కాబట్టి ముందు మీ ఊరి కాగితం ఏ ఆఫీసుకు వెళ్తుందో చూసుకోండి. ఆ తర్వాత ఆఫీసులో ఏ బల్ల మీదికి వెళ్తుందో చూసుకోండి. సంతకం అధికారిదే అయినా, ఫైలు కట్టి పైకి పంపేది సెక్షన్ గుమాస్తా. సార్ ఎప్పుడు తీరిగ్గా ఉంటారో తెలిసింది అటెండరుకు. అధికారికి రోజూ యాభై నమస్కారాలు పడతాయి, అవి ఆయనకు ఫ్యాను గాలితో సమానం. గుమాస్తాను పేరుతో పలకరించేవాళ్ళు అరుదు. మీ మాటకు విలువ అక్కడ ఎక్కువ.

కొట్లోనైనా, ఆసుపత్రిలోనైనా, పెళ్ళి సంబంధాల్లోనైనా ఇదే లెక్క. గట్టిగా మాట్లాడే మనిషిని వదిలి, చివర్లో "సరే, కానీండి" అనే మనిషి ఎవరో కనిపెట్టండి.

రెండో మెట్టు: పిలుపు

మన వైపు సగం పని పిలుపులోనే అయిపోతుంది, సగం పని పిలుపులోనే చెడుతుంది. మగవాళ్ళకు "అన్నా" దాదాపు అన్నిచోట్లా చెల్లుతుంది. మీకంటే పదేళ్ళు చిన్నవాడైనా కొట్టు యజమానిని "ఏం నా" అనే అంటాం. ఆఫీసు లోపల "సార్", బయట టీ కొట్టు దగ్గర అదే మనిషిని "అన్నా" అనొచ్చు, కానీ ఆయన ముందు నవ్విన తర్వాతే. అర్చకులను "స్వామీ" అనండి. అరవై దాటిన రైతును "పెద్దాయనా" అంటే బాగుంటుంది. "తాతా" మాత్రం ఆయన మనవడి ముందు తప్ప వద్దు.

ఆడవాళ్ళ విషయంలో ఎక్కువ జాగ్రత్త కావాలి. ఆఫీసులో "మేడమ్" తప్ప ఇంకేదీ వద్దు. కూరగాయల దగ్గర, మెస్సు దగ్గర "అక్కా" అనండి. నలభై ఏళ్ళ మనిషిని "ఆంటీ" అన్నాక, ఆమె సంగటిని మీరు ఎంత మెచ్చుకున్నా రెండో ముద్ద చిన్నదే పడుతుంది.

నగరి, పుత్తూరు, సత్యవేడు వైపు ఇంట్లో తమిళం మాట్లాడేవాళ్ళు చాలామంది. కుప్పం వైపు కన్నడమూ వినిపిస్తుంది. వాళ్ళ భాషలో ఒక్క పలకరింపు చాలు, తర్వాత తెలుగులోకి వచ్చేయండి. రాని భాషను పది వాక్యాలు సాగదీస్తే వెక్కిరిస్తున్నారనుకుంటారు.

మూడో మెట్టు: చూసి పెట్టుకోవడం

నోరు తెరవడానికి ముందు రెండుసార్లయినా ఊరికే చూడండి. వెతకాల్సింది మూడు రకాల సంగతులు. ఆ మనిషి తనంతట తాను ఎంచుకున్నది ఒకటి. ఒళ్ళు వంచి చేసింది ఒకటి. ఏళ్ళ తరబడి వదలకుండా పట్టుకున్నది ఒకటి. ఎత్తు, రంగు, ఆస్తి, వంశం జోలికి పోవద్దు. అవి అతను సంపాదించుకున్న గుణాలు కావు, పైగా అందరూ వాటినే పొగుడుతారు. గుమాస్తా బల్ల మీద ఫైళ్ళకు రంగు దారాలు వేరువేరుగా కట్టి ఉన్నాయా? మందుల కొట్టాయన చీటీ చదివి, మాత్ర ఎప్పుడు వేసుకోవాలో కవరు మీద తెలుగులో రాసిస్తాడా? అలాంటివి ఏరి పెట్టుకోండి.

ఇక్కడ దిష్టి సంగతి చెప్పుకోవాలి. వేరే చోట్ల పనిచేసే పొగడ్త మన పల్లెల్లో బెడిసికొట్టేది దీనివల్లే. మామిడి తోటలోకి అడుగు పెడుతూనే "అబ్బా, ఏం కాపు కాసింది నా!" అంటే రైతు ముఖం మాడిపోతుంది. ఆయనకు అది మెచ్చుకోలుగా వినిపించదు, దిష్టి పెట్టినట్టు వినిపిస్తుంది. కాపు ఇంకా చెట్టు మీదే ఉంది. వాన రావచ్చు, గాలి రావచ్చు, ధర పడిపోవచ్చు. కాయను వదిలేసి పనిని చూడండి. "లోపలి కొమ్మలు కత్తిరించి పెట్టినట్టుండారే, ఎండ కింది దాకా పడతా ఉంది. ఎప్పుడు కొట్టించినారు?" అనండి. ఇందులో దిష్టి లేదు, ఆయన కష్టం ఉంది. చంటిబిడ్డ బొద్దుతనం, పాలిచ్చే ఆవు పొదుగు, కొత్తిల్లు, కొత్త బండి, అన్నీ ఈ జాబితాలోవే. బిడ్డను మెచ్చుకోవాలంటే "పెద్దోళ్ళను చూస్తానే చేతులు జోడించినాడే, ఎవరు నేర్పించినారు?" అని అమ్మమ్మ వైపు తిరిగి అడగండి.

ఇంకో మాట. తోతాపురి మామిడి కోతల కాలంలో గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టరు పెట్టుకుని ఎండలో వరసలో ఉన్న రైతును ఏ రకంగానూ పొగడొద్దు. కోపంలో, ఆకలిలో, నష్టంలో ఉన్న మనిషికి పొగడ్త ఎగతాళిలా తగులుతుంది. "ఎన్ని గంటలైంది నా వచ్చి?" అని అడిగి, చెప్పేది పూర్తిగా వినండి. మెప్పు కంటే అది పదింతలు పనిచేస్తుంది.

నాలుగో మెట్టు: మాట కట్టడం

ఏరి పెట్టుకున్న సంగతిని వాక్యంగా కట్టడానికి కొలత ఉంది. చూసింది సగం వాక్యం, ప్రశ్న సగం వాక్యం, మొత్తం పది పన్నెండు మాటలు. "చాలా", "సూపరు", "మీ అంతటివాళ్ళు లేరు" లాంటివి తీసేయండి. తీసేశాక కూడా వాక్యం నిలబడితే అది మంచి వాక్యం. ఏమీ మిగలకపోతే మీరు చూసింది ఏమీ లేదన్నమాట, మూడో మెట్టుకు దిగండి.

మెస్సులో సంగటి తిని "సూపర్ అక్కా" అన్నవాడికీ, "ముద్ద వేలికి అంటుకోలేదే అక్కా, నూకలు ముందే నానేస్తారా?" అన్నవాడికీ ఆమె ఒకే జవాబు ఇవ్వదు. మొదటివాడికి నవ్వు. రెండోవాడికి నూకలు ఎంత మెత్తగా ఉడికాక పిండి పోస్తుందో, తెడ్డుతో ఎంతసేపు తిప్పుతుందో చెప్పి, అడగని ఊరిబిండి పచ్చడి ఇంకో గరిటె. ప్రశ్న తప్పనిసరి ఎందుకంటే, మన మనుషులకు పొగడ్త వినగానే ఏం అనాలో తోచదు. "అట్లేం లేదులే" అని తల తిప్పేస్తారు, మాట అక్కడితో ఆగిపోతుంది. ప్రశ్న ఉంటే సిగ్గు పడకుండా జవాబు చెప్పే దారి దొరుకుతుంది.

కాస్త చనువు ఏర్పడ్డాక నేరుగా మెచ్చుకోవడం ఇంకా ఎబ్బెట్టుగా ఉంటుంది. అప్పుడు తిట్టులాంటి మెప్పు వాడాలి, చిత్తూరు జిల్లా మనుషులు ఇందులో ఆరితేరినవాళ్ళు. "ఇట్ల వండితే మేము ఇంటికి యెట్ల పోవాలక్కా?" "నువ్వొక్కడివే ఇంత నీటుగా చేస్తే మిగిలినోళ్ళం ఏమై పోవాల నా?" ఫిర్యాదు రూపంలో ఉంటుంది కాబట్టి వినేవాడు నవ్వుతూ పుచ్చుకుంటాడు. తిరుపతి గంగ జాతరలో వేషం కట్టినవాళ్ళు నోటికొచ్చింది తిడుతుంటే ఎదుటివాళ్ళు దాన్నే దీవెనగా తీసుకునే ఊరు మనది. అయితే మూడు షరతులు. చనువు ముందే ఉండాలి, తిట్టు మీ మీదికి తిరగాలి, పక్కన కొత్తవాళ్ళు ఉండకూడదు.

ఆడవాళ్ళను, ముఖ్యంగా పనిచేసే చోట, పనికి తప్ప దేనికీ మెచ్చుకోవద్దు. చీర, జడ, నవ్వు మాట ఎత్తితే అది మెప్పు దాటి వేధింపు దాకా పోతుంది. 2013 నాటి చట్టం ఉంది, ఫిర్యాదు తీసుకునే కమిటీలూ ఉన్నాయి.

ఐదో మెట్టు: అడిగే రోజు వేరు, మెచ్చుకునే రోజు వేరు

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. ఎడ్వర్డ్ జోన్స్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 1964లోనే ఈ ముడి గురించి రాశాడు. మీకు అవసరం ఎంత పెద్దదైతే పొగడాలనే కోరిక అంత ఎక్కువ, ఎదుటివాడి అనుమానం కూడా అంతే ఎక్కువ. అంటే పొగడ్త అత్యవసరమైన రోజునే అది అస్సలు పనిచేయదు. మన అత్తగార్లకు ఈ సంగతి ఏ పరిశోధనా లేకుండానే తెలుసు: "ఏందబ్బా, ఈ పొద్దు కాఫీ అడక్కుండానే వచ్చింది, ఏం కావాల?"

కాబట్టి మెప్పుకూ అడగడానికీ మధ్య కనీసం వారం, పది రోజులు ఎడం పెట్టండి. ఆ వ్యవధి లేకపోతే అసలు పొగడొద్దు. నేరుగా పని చెప్పండి, కాగితాలు వరసగా పెట్టండి, అయ్యాక మెచ్చుకోండి. పని అయ్యాక వచ్చే మెప్పును ఎవరూ అనుమానించరు, రెండోసారి వెళ్ళినప్పుడు అదే అక్కరకొస్తుంది. "కొండ మీద స్వామికైనా ముందు మేలుకొలుపు, తర్వాత స్తోత్రం, ఆ తర్వాతే శరణాగతి కదా" అని వాదించేవాళ్ళు ఉంటారు. నిజమే, కానీ స్వామికి ఆ మేలుకొలుపు ప్రతి రోజూ జరుగుతుంది, మనకు పని పడిన రోజు మాత్రమే కాదు.

వేళ కూడా చూసుకోండి. సోమవారం కలెక్టరేటులో అర్జీలు తీసుకునే రోజు, ఆ జనంలో మీ చక్కని మాట ఎవరి చెవికీ ఎక్కదు. మిగతా రోజుల్లో ఉదయం ఆఫీసు తెరిచిన మొదటి అరగంటా, భోజనానికి లేచే ముందటి పావుగంటా వద్దు. మధ్యాహ్నం టీ వేళ మంచిది. కొట్లలో అయితే గరుడసేవ లాంటి రద్దీ రోజులు విడిచిపెట్టండి. తిరుపతి గాంధీ రోడ్డులో ఆ రోజు ఎవరికీ ఊపిరి తీసుకునే తీరిక ఉండదు.

ఆరో మెట్టు: చాటుగా

ఎదురుగా చెప్పిన పది మాటల కంటే, పరోక్షంలో అన్న ఒక మాట గట్టిది. విన్నవాడు మోసుకెళ్ళి చెబుతాడు, అందులో మీకేం లాభముందని ఎవరికీ అనిపించదు. టీ కొట్టాయన, అటెండరు, ఇద్దరికీ తెలిసిన చుట్టం, వీళ్ళలో ఒకరి దగ్గర మామూలు మాటల మధ్య అనేయండి. "చెప్పు ఆయనకు" అని మాత్రం అనొద్దు, అన్నారంటే రాయబారం అయిపోతుంది. మాట చేరడానికి రెండు మూడు రోజులు పడుతుంది, దారిలో కొంచెం పెరుగుతుంది కూడా. అందుకే చిన్న మాట పంపాలి. "బాగా చేస్తాడు" అని పంపితే "ఆయన లాంటోడు జిల్లాలో లేడన్నాడు" అని చేరుతుంది. మీరే పెద్ద మాట పంపితే ఏమై చేరుతుందో ఊహించుకోండి.

వాట్సాప్ గ్రూపులో చప్పట్ల బొమ్మలు ఈ లెక్కలోకి రావు. చెప్పాలనుకుంటే విడిగా ఒక వాక్యం రాయండి.

ఏడో మెట్టు: సలహా అడగడం

ఇంతకు ముందు చెప్పినవన్నీ కుదరకపోయినా ఇది ఒక్కటి కుదురుతుంది. "మా తమ్ముడు పలమనేరు దగ్గర రెండెకరాల్లో టమాట పెడతానంటా ఉండాడు, మీరైతే ఏ నెలలో నారు పోస్తారు?" అని అడిగితే, ఆయనతో "మీకు తెలుసు" అని వంద సార్లు చెప్పినదానితో సమానం. నియమం ఒకటే. చెప్పిన సలహాలో ఒక భాగమైనా పాటించి, ఫలితం తిరిగొచ్చి చెప్పాలి. ఫలితం బాగా రాకపోయినా చెప్పాలి. అడిగి వదిలేసినవాడు, అడగనివాడికంటే చెడ్డపేరు తెచ్చుకుంటాడు.

అభిప్రాయాల్లో కూడా ఊరికే తల ఊపొద్దు. ఆయన అన్న ఐదు మాటల్లో ఒక చిన్నదానికి "అది నాకు అంత సరిగ్గా తోచలేదు నా" అనండి. మిగతా నాలుగింటికి మీరు చెప్పిన అవును అప్పుడే నమ్మకంగా ఉంటుంది.

చేతిలో ఏదైనా పెట్టాలా?

చుట్టాలకు, ఇరుగుపొరుగుకు యాభై రూపాయల కొండ లడ్డూ ఒకటి చాలు, దానికి మించిన పరిచయ పత్రం మన దగ్గర లేదు. కాకపోతే తిరుపతి మనిషికి లడ్డూ ఇచ్చి మెప్పించాలనుకోవడం, మదనపల్లె మనిషికి టమాటలు పట్టుకెళ్ళడం లాంటిది. వాళ్ళకు మీ ఊరి చెనిక్కాయలో, ఇంట్లో చేసిన అత్తిరాసాలో (అరిసెలు) తీసుకెళ్ళండి.

ప్రభుత్వ ఉద్యోగి దగ్గర మీ కాగితం ఉన్నంతకాలం ఏమీ ఇవ్వొద్దు. 1988 అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత పని కోసం లంచం ఇచ్చినవాడూ నేరస్థుడే, ఏడేళ్ళ దాకా శిక్ష పడవచ్చు. స్వీటు డబ్బాగా మొదలైంది ఏ పరిమాణం దగ్గర లంచంగా మారుతుందో కొలిచే తూకం మీ దగ్గర లేదు. మాటతో మెప్పించండి, చేతులు ఖాళీగా ఉంచండి.

ఎక్కడ చెడుతుంది, ఎలా సర్దుకోవాలి

పోల్చి పొగడటం అన్నిటికంటే ప్రమాదం. "ఆ పక్క సీటాయన కంటే మీరే నయం సార్" అన్న మాట సాయంత్రానికి పక్క సీటుకు చేరుతుంది. వాళ్ళిద్దరూ కలిసి టీ తాగుతారు, మీరు మళ్ళీ ఆ ఆఫీసుకు వెళ్ళాలి. ఒకే వాక్యాన్ని ఇద్దరి దగ్గర వాడటం కూడా అంతే. పై అధికారి ముందు కిందివాళ్ళను అతిగా మెచ్చుకుంటే ఆయనకు మంట, కిందివాళ్ళకు భయం.

అబద్ధపు పొగడ్త బొత్తిగా పనిచేయదా అంటే, చేస్తుంది. 2010లో అచ్చయిన ఒక హాంకాంగ్ పరిశోధనలో, దుకాణం వాళ్ళు పంపినట్టుగా "మీకు ఫ్యాషన్ బాగా తెలుసు" అనే కరపత్రం చూపించారు. అది అందరికీ పంపేదేనని, అమ్మకం కోసమేనని చదివినవాళ్ళకు అర్థమైంది. అయినా లోపల్లోపల ఆ దుకాణం మీద ఇష్టం మిగిలింది. కానీ అది మొహం చూడని దుకాణం. మనకు రేపు తిరుపతి లీలామహల్ సర్కిల్ దగ్గర మళ్ళీ అదే మనిషి ఎదురవుతాడు.

తప్పు సంగతి మెచ్చుకున్నారా, అచ్చు అని అన్నారా, సమర్థించుకోవద్దు. "తెలీక అన్నా నా, మీరే చెప్పండి ఎట్ల గీస్తారో" అని అప్పుడే ఒప్పుకోండి. సగం సార్లు ఆ ఒప్పుకోలు, మీరు వేసుకొచ్చిన పొగడ్త కంటే బాగా పనిచేస్తుంది. అతి అయిందని అనిపిస్తే రెండు వారాలు పనిమాటలు తప్ప ఏమీ మాట్లాడకండి.

మీ మీదే ప్రయోగిస్తే ఎలా గుర్తుపట్టాలో కూడా తెలిసి ఉండాలి. తిరుపతిలో ఇల్లున్నవాళ్ళకు ఏడాది పొడవునా సాధనే. పదేళ్ళుగా ఫోను చేయని దూరపు బావ "నీ మంచితనం గురించే మొన్న అనుకున్నాం" అని మొదలుపెడితే మూడో నిమిషంలో దర్శనం మాట వస్తుంది. మూడు వందల రూపాయల టికెట్లు మూడు నెలల ముందే ఆన్‌లైన్‌లో వదులుతారని మర్యాదగా చెప్పండి. పొంగిపోయి "సిఫారసు లెటరు నేను చూసుకుంటా" అని మాత్రం అనొద్దు. చేతిలో లేని పనిని ఒప్పుకోవడం మునగ కొమ్మ మీద కాలు పెట్టడమే. దర్శనం చేయిస్తానని తియ్యగా మాట్లాడి డబ్బు ముందే అడిగే దళారి కూడా ఇదే మెట్ల మీద నడుస్తాడు. అతనికీ మీకూ తేడా ఒకటే, అతను ఏడింటినీ పది నిమిషాల్లో ఎక్కేస్తాడు.

పని అయ్యాక మిగిలింది ఒక్కటి. నెల లోపల ఒకసారి ఏ కాగితమూ లేకుండా అటు వెళ్ళండి. ఆయన మీ చేతుల వైపు చూసి, "ఏం, ఇంకేమన్నా ఉండాదా?" అంటాడు. "ఏం లేదు నా, ఇట్ల పోతా ఉంటే వచ్చినా" అనండి. టీ తాగి, డబ్బులు ఆయన్నే ఇవ్వనిచ్చి వచ్చేయండి.